తెర నల్లబడకముందే: వ్యాపార సర్వర్‌కు కన్సోల్ ఎంచుకోవడం, మార్చడం

మండపేట రైస్‌మిల్లులోనో, భీమవరం రొయ్యల ప్లాంటులోనో, రాజమండ్రి తాడితోట బట్టల మార్కెట్‌లోనో సర్వర్ అంటే చల్లటి గదిలో బారులు తీరిన యంత్రాలు కావు. గుమస్తాల బల్లల వెనక, బీరువా పక్కన నిలబెట్టిన ఒకే ఒక్క టవర్. లెక్కలు, గోడౌన్ స్టాకు, వేబ్రిడ్జి చీటీలు, జీఎస్టీ బిల్లులు అన్నీ దానిమీదే. నడిచినన్నాళ్లూ దానివంక ఎవరూ కన్నెత్తి చూడరు. కరెంటు పోయి వచ్చిన ఏదో ఒక ఉదయం మాత్రం ఇంజనీరుకు ఫోన్ వెళుతుంది: “ఆయ్, ఫ్యాన్లయితే తిరుగుతున్నాయండి. సిస్టమ్స్‌లో మాత్రం ఏమీ రావట్లేదండి.” హైదరాబాద్‌లో ఉన్న ఇంజనీరు మొదట అడిగేది ఒక్కటే: “దాని తెర మీద ఏముందండీ?” ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలగడమే కన్సోల్ ఉండటం.

రోజూ వాడే రిమోట్ డెస్క్‌టాప్, ఎస్ఎస్‌హెచ్ లాంటివి ఆపరేటింగ్ సిస్టమ్ పూర్తిగా లేచి, నెట్‌వర్క్ అందాకే పనిచేస్తాయి. కన్సోల్ అలా కాదు. బయోస్ తెర వచ్చిన దగ్గర్నుంచి, డిస్కు దొరక్క సిస్టమ్ మధ్యలో ఆగిపోయిన చోటు దాకా యంత్రంతో నేరుగా మాట్లాడిస్తుంది. కాలవ లాకు దగ్గరుండే లస్కరు లాంటిది ఇది. నీళ్లు సాఫీగా పారినన్నాళ్లూ ఆయన ఊసెవరికీ పట్టదు. తలుపు ఇరుక్కున్న రాత్రి ఆయన తప్ప ఇంకెవరూ పనికిరారు.

అందుకే కన్సోల్‌ను ధర చూసి కాదు, మన దగ్గర ఏమేం చెడతాయో చూసి ఎంచుకోవాలి. మార్చేటప్పుడు కొత్తదారి నిజంగా పనిచేస్తోందని తేలేదాకా పాతదారి మూయకూడదు. మిగతాదంతా ఈ రెండు మాటల వివరమే.

ఉన్న దారులు నాలుగు

మొదటిది అందరికీ తెలిసినదే: సర్వర్‌కు తగిలించిన మానిటరు, కీబోర్డు. ఖర్చు లేదు, నేర్చుకోవాల్సిందీ లేదు. కాని చూడాలంటే మనిషి అక్కడ ఉండాలి.

రెండోది సీరియల్ పోర్టు. దీని ప్రమాణం ఆర్ఎస్-232 వచ్చింది 1960లో. తొమ్మిది పిన్నుల సాకెట్, అక్షరాలు మాత్రమే వెళ్లే సన్న దారి. వయసు మీదపడ్డా సర్వర్లలో, స్విచ్చుల్లో, రూటర్లలో ఇప్పటికీ కొనసాగుతోందంటే కారణం దాని నిరాడంబరతే. దానికి డ్రైవరు, నెట్‌వర్కు చిరునామా ఏవీ అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కేబుల్, దాన్ని సర్వర్‌కు కలిపే నల్ మోడెమ్ కేబుల్ ఉంటే చాలు. అవి కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి.

మూడోది బీఎంసీ. సర్వర్ మదర్‌బోర్డు మీదే ఉండే మరో చిన్న కంప్యూటర్ ఇది. దానికి సొంత ప్రాసెసర్, సొంత నెట్‌వర్క్ పోర్టు ఉంటాయి. ప్లగ్గులో కరెంటుంటే చాలు, సర్వర్ ఆపేసి ఉన్నా ఇది మేలుకునే ఉంటుంది. డెల్ దీన్ని ఐడ్రాక్ అంటుంది, హెచ్‌పీఈ ఐలో అంటుంది. ఈ చిన్న కంప్యూటర్లన్నీ ఒకే భాష మాట్లాడాలని ఇంటెల్, హెచ్‌పీ, డెల్, ఎన్ఈసీ కలిసి 1998లో ఐపీఎంఐ అనే ప్రమాణం తెచ్చాయి. 2004లో వచ్చిన రెండో రూపం సీరియల్ తెరను నెట్‌వర్క్ మీదుగా పంపే పద్ధతిని అందులో కలిపింది. 2015లో దాని తరవాతి తరంగా రెడ్‌ఫిష్ వచ్చింది.

నాలుగోది ఐపీ కేవీఎం. బీఎంసీ లేని మామూలు పీసీనే సర్వర్‌గా వాడుతున్న చోట ఇది అక్కరకొస్తుంది. మానిటరు కేబుల్, యూఎస్‌బీ కేబుల్ ఈ చిన్న పెట్టెకు తగిలిస్తే తెరను బ్రౌజర్‌లో చూపిస్తుంది, మన కీబోర్డు నొక్కులను సర్వర్‌కు చేరవేస్తుంది. రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీద నడిచే పైకేవీఎం ఈ రకానిదే.

పాత ఐబీఎం యంత్రాలున్నవారికి ఒక మాట. 1988 జూన్‌లో ఏఎస్/400 వచ్చినప్పుడు కన్సోల్ అంటే ట్వినాక్స్ కేబుల్ చివరి ఆకుపచ్చ తెర. ఆ కేబుల్ 5,000 అడుగుల దాకా లాగొచ్చు. తరవాత దాని వారసుల్లో నేరుగా కేబుల్‌తో పీసీ, ల్యాన్ మీద పీసీ, హెచ్ఎంసీ అనే విడి యంత్రం చేరాయి. ఆ కుటుంబంలో కన్సోల్ రకానికి అంకెలుంటాయి: 01 ట్వినాక్స్, 02 నేరు కేబుల్, 03 ల్యాన్, 04 హెచ్ఎంసీ. ఉన్న కన్సోల్ బతికుంటే సర్వీస్ టూల్స్ మెనూలోనే రకం మార్చుకోవచ్చు. అది చచ్చిపోతే ముందు ప్యానెల్‌ను మాన్యువల్‌లో పెట్టి, 65, 21 ఫంక్షన్లతో మార్చే పద్ధతి ఉంది. అది మోడల్ మోడల్‌కూ మారుతుంది కాబట్టి ఆ యంత్రం సర్వీస్ పుస్తకం ముందు పెట్టుకునే చేయాలి. యంత్రం ఏదైనా కన్సోల్ ఎంచుకుని మార్చే వరుస ఒకటే. ఇక్కడినుంచి మన ప్రాంతంలో ఎక్కువగా కనబడే టవర్ సర్వర్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

మొదటి అడుగు: ఏం చెడుతుందో రాసుకోండి

కాగితం తీసి, గత కొన్నేళ్లలో సర్వర్ ఎందుకెందుకు ఆగిందో రాయండి. గోదావరి జిల్లాల్లో ఆ జాబితా దాదాపు ఇలాగే ఉంటుంది: కరెంటు పోయి రావడం, పిడుగు, వరద, తుపాను, ఊక దుమ్ము, ఎలుక కొరికిన కేబుల్.

వరద సంగతి తీసుకోండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. 1986 ఆగస్టులో, 2022 జులైలో మూడో హెచ్చరిక కూడా దాటింది. అలాంటి రోజుల్లో లంక గ్రామాలకే కాదు, దిగువనున్న చాలా ఊళ్లకూ దారి దొరకదు. సర్వర్ మేడమీద భద్రంగా ఉన్నా దాని దగ్గరకు వెళ్లేవాడుండడు. అప్పుడు కావలసింది దూరం నుంచి తెర చూపించే దారి, అంటే బీఎంసీ గాని ఐపీ కేవీఎం గాని.

దీనికి పూర్తిగా తిరగబడ్డ పరిస్థితి కూడా కోనసీమ చూసింది. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మీద గొడవలు చెలరేగాక రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ వెతుక్కుంటూ జిల్లా పొలిమేరలు దాటారు. అలాంటప్పుడు సర్వర్ దగ్గర మనిషి ఉంటాడు, దూరం నుంచి చూసేవాడికే దారి ఉండదు. రెండో కంపెనీ సిమ్ పెట్టుకున్నా లాభం లేదు, అన్ని కంపెనీల మొబైల్ డేటా ఒకేసారి పోతుంది. అప్పుడు కావలసింది అక్కడే వాడగలిగే దారి: మానిటరో, సీరియల్ కేబులో.

తేలేదేమిటంటే డెల్టాలో కన్సోల్ ఒకటి చాలదు. దూరంనుంచి ఒకటి, దగ్గరనుంచి ఒకటి కావాలి. దూరందానికి బీఎంసీ, దగ్గరదానికి మానిటరు గాని సీరియల్ గాని. చిన్న వ్యాపారానికి సరిపోయే జోడీ ఇదే.

రెండో అడుగు: లైసెన్సు చూడండి

కొనేముందు చాలామంది వదిలేసే సంగతి ఇది. బీఎంసీ ఉన్నంత మాత్రాన బొమ్మల తెర దూరంనుంచి కనబడదు. డెల్ టవర్, ర్యాక్ సర్వర్లలో వర్చువల్ కన్సోల్ కావాలంటే ఎంటర్‌ప్రైజ్ స్థాయి లైసెన్సు ఉండాలి. హెచ్‌పీఈలో ఐలో అడ్వాన్స్‌డ్ లైసెన్సు లేకపోతే రిమోట్ తెర ఆపరేటింగ్ సిస్టమ్ లేచేదాకానే ఉంటుంది. అక్షరాల సీరియల్ తెరకు మాత్రం ఈ రెండింటిలోనూ ఆ పెద్ద లైసెన్సు అక్కర్లేదు.

ఎంపిక ఇక్కడ తేలికవుతుంది. సర్వర్ లైనక్స్ అయితే అక్షరాల తెర చాలు, లైసెన్సు డబ్బు మిగుల్తుంది. ట్యాలీ లాంటివి నడిపే విండోస్ సర్వర్ అయితే బొమ్మల తెర ఉంటేనే పని సుఖం. విండోస్ సర్వర్‌లోనూ ఈఎంఎస్ అనే సదుపాయం తెరిస్తే సీరియల్ మీద శాక్ అనే చిన్న కమాండ్ తెర వస్తుంది. ఐపీ చిరునామా సరిచేయడానికి, రీస్టార్ట్ చేయడానికి అది చాలు. అంతకు మించి దాన్నుంచి ఆశించకూడదు.

మూడో అడుగు: రోజు చూసుకోండి

మిల్లులో ధాన్యం దిగే కాలంలో, బట్టల కొట్టులో దసరా, సంక్రాంతి ముందు, రొయ్యల ప్లాంటులో పట్టుబడి రోజున ఈ పని పెట్టుకోవద్దు. సర్వర్‌ను నాలుగైదుసార్లు రీస్టార్ట్ చేయాల్సి వస్తుంది. బట్టల వ్యాపారానికి మూఢం రోజుల ఆదివారం మంచి ముహూర్తమే. ముందురోజే బ్యాకప్ తీసి, దాన్ని తెరిచి చూసి, బయోస్ తెరలన్నీ ఫోనుతో ఫొటోలు తీసి పెట్టుకోండి. పాత అమరిక ఏమిటో తెలిస్తేనే వెనక్కి రాగలం.

నాలుగో అడుగు: విడి తీగ, విడి దారి

బీఎంసీకి సర్వర్ వెనక విడి పోర్టు ఉంటుంది. దానికే కేబుల్ పెట్టి, సెట్టింగుల్లో ‘డెడికేటెడ్’ అని ఖాయం చేయండి. సూపర్‌మైక్రో బోర్డుల్లో మొదటినుంచీ ఉండే ‘ఫెయిలోవర్’ అమరికను అలాగే వదిలేస్తే, కరెంటు వచ్చే క్షణానికి ఆ పోర్టులో లింకు లేకపోతే బీఎంసీ నెమ్మదిగా మామూలు ల్యాన్ పోర్టులోకి జారుకుంటుంది. కరెంటు పోయి రాగానే స్విచ్చు కన్నా సర్వర్ ముందే మేలుకునే మన ఆఫీసుల్లో ఇది తరచూ జరిగేదే.

ఆ కేబుల్ వెళ్లే స్విచ్చు, రూటరు, ఫైబర్ పెట్టె మూడూ సర్వర్ ఉన్న యూపీఎస్ మీదే ఉండాలి. సర్వర్‌కు యూపీఎస్ పెట్టి రూటరును గోడ ప్లగ్గుకు వదిలేస్తే కరెంటు పోయిన నిమిషానికి కన్సోల్ కూడా పోతుంది.

సీరియల్ కేబుల్ వేసేవాళ్లు పొడవు 15 మీటర్లు దాటనివ్వకండి. మిల్లు షెడ్డు నుంచి ఆఫీసు గదికి రెండు భవనాల మధ్య రాగితీగ లాగకండి. రెండుచోట్లా ఎర్తు ఒకేలా ఉండదు, పిడుగు పడితే రెండువైపులా పోర్టులు కాలతాయి. భవనాల మధ్య ఫైబరే వేయాలి.

ఐదో అడుగు: తాళాలు

బీఎంసీ చేతికొస్తే సర్వర్ చేతికొచ్చినట్టే. ఆపొచ్చు, కొత్త డిస్కు తగిలించొచ్చు, పాస్‌వర్డు చెరిపేయొచ్చు. అయినా ఎన్నో చోట్ల ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉండిపోతుంది. పాత డెల్ యంత్రాలన్నింటికీ రూట్, కాల్విన్ అనే జంట ఉండేదని ప్రపంచమంతటికీ తెలుసు. ముందు దాన్ని మార్చండి. ఐపీఎంఐ రెండో రూపంలో పాస్‌వర్డు 20 అక్షరాలకు మించదు. ఆ 20నీ వాడుకోండి.

ఆ ప్రమాణంలోనే ఒక లోపముంది. లాగిన్ అడిగినవాడికి, వాడు ఎవడైనా సరే, పాస్‌వర్డు హ్యాష్‌ను బీఎంసీ ఇచ్చేస్తుంది. వాడు తీరిగ్గా కూర్చుని దాన్ని విప్పుకోవచ్చు. ఈ సంగతి 2013లోనే బయటపడింది. 2017లో బయటికొచ్చిన ఐలో 4 లోపం ఇంకా విడ్డూరం: ఒక హెడర్‌లో ‘ఏ’ అక్షరాన్ని 29సార్లు పంపితే పాస్‌వర్డు లేకుండానే తలుపు తెరుచుకునేది. ఫర్మ్‌వేర్ 2.53తో దాన్ని మూశారు. కాబట్టి ఫర్మ్‌వేర్ ముందు, మిగతావి తరవాత.

బీఎంసీని రూటరులో పోర్టు తెరిచి ఇంటర్నెట్‌కు చూపించడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఐపీఎంఐ వాడే 623 నంబరు పోర్టు బయట కనబడితే వెతికేవాళ్లు వెతుకుతూనే ఉంటారు. వీపీఎన్ పెట్టి, దానిలోంచే రండి. మన బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో చాలావాటికి సొంత బయటి చిరునామా రాదు కనక, ఆఫీసు లోపలినుంచి బయటికి కట్టుకునే వీపీఎన్ రకమే కుదురుతుంది. దాన్ని సర్వర్ మీదే నడపొద్దు. సర్వర్ పడిపోతే దారి కూడా పడిపోతుంది. రూటరులోనో, విడిగా చిన్న యంత్రంలోనో పెట్టండి.

ఆరో అడుగు: బయోస్

బయోస్‌లో మూడు సెట్టింగులు చూడాలి. ఒకటి, కన్సోల్ రీడైరెక్షన్: ఆన్ చేసి, బీఎంసీకి కట్టిన సీరియల్ పోర్టును ఎంచుకుని, వేగం 115200 పెట్టండి. రెండు, కరెంటు తిరిగొచ్చాక ఏం చేయాలన్నది: ‘ఆన్’ గాని ‘చివరి స్థితి’ గాని పెట్టాలి, ‘ఆఫ్’ ఉండకూడదు. మూడు, తప్పు కనబడితే ఎఫ్1 నొక్కమని ఆగే అలవాటు: దాన్ని తీసేయండి. లేకపోతే కీబోర్డు పీకేసిన మొదటిసారే “కీబోర్డు లేదు, ఎఫ్1 నొక్కండి” అని రాసి కూర్చుంటుంది.

బయోస్‌ను కాచే సీఆర్2032 బ్యాటరీ బిళ్ల పాతబడితే ఈ సెట్టింగులు గాల్లో కలిసిపోవచ్చు. కనక ఈ సెట్టింగులు పెట్టేముందే బిళ్ల కూడా మార్చేయండి.

ఏడో అడుగు: లైనక్స్‌కు చెప్పడం

బయోస్ తన వంతు అయిపోగానే తెరను వదిలేస్తుంది. అక్కడినుంచి సిస్టమ్‌ను లేపే గ్రబ్, ఆ తరవాత లైనక్స్‌కు మూలమైన కెర్నెల్ కూడా సీరియల్ మీద మాట్లాడాలంటే వాటికి విడిగా చెప్పాలి. గ్రబ్ సెట్టింగుల ఫైలులో టెర్మినల్‌గా మామూలు తెర, సీరియల్ రెండూ రాసి, సీరియల్ వేగం బయోస్‌లో పెట్టినదే ఇవ్వండి. వేగాలు కలవకపోతే తెరమీద పిచ్చి గుర్తులు వస్తాయి.

కెర్నెల్ లైనులో ‘కన్సోల్’ అన్న మాటను రెండుసార్లు రాయాలి. ఒకసారి మానిటరు తెర టీటీవై0కి, ఇంకోసారి సీరియల్ పోర్టు టీటీవైఎస్‌కి. చాలా సర్వర్లలో బీఎంసీకి కట్టిన పోర్టు టీటీవైఎస్1 అవుతుంది. కాని నంబరు ఊహించకుండా బయోస్ తెరలో చూసుకోండి. వరుస ముఖ్యం. కెర్నెల్ సందేశాలు రెండుచోట్లా కనబడతాయి గాని, ఆ తరవాత సర్వీసులు లేచే సందేశాలు చివర రాసిన కన్సోల్‌కే వెళతాయి. చూసేది దూరంనున్న ఇంజనీరైతే సీరియల్‌ను చివర రాయండి. ఆఫీసులో మానిటరు ముందు కూర్చునే మనిషైతే టీటీవై0 చివర ఉండాలి.

తరవాత గ్రబ్‌ను అప్‌డేట్ చేయండి. చాలా లైనక్స్ రకాల్లో లాగిన్ తెర దానంతటదే సీరియల్ మీద వస్తుంది. రాకపోతే సీరియల్ గెట్టీ సర్వీసును ఆ పోర్టుకు ఆన్ చేయాలి.

ఉబుంటు వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. అందులో రూట్ ఖాతా మొదటినుంచీ తాళం వేసి ఉంటుంది. సిస్టమ్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగితే ఆ తాళం కారణంగా లోపలికి రానివ్వకపోవచ్చు. అంత శ్రమపడి కన్సోల్ పెట్టుకుని చివరికి గడప దగ్గరే నిలబడాల్సి రావచ్చు. రూట్‌కు పాస్‌వర్డు పెట్టి, ఎస్ఎస్‌హెచ్ మీదుగా రూట్ లాగిన్ మాత్రం మూసెయ్యండి.

ఎనిమిదో అడుగు: పరీక్ష

మానిటరు పీకకుండానే, దూరంనుంచి వీపీఎన్ మీదుగా సీరియల్ తెర తెరిచి సర్వర్‌ను రీస్టార్ట్ చేయండి. బయోస్, గ్రబ్ మెనూ, కెర్నెల్ సందేశాలు, లాగిన్ నాలుగూ వరసగా కనబడాలి. మధ్యలో ఎక్కడ తెర ఆగిందో, ఆ పైదాని సెట్టింగే తప్పు. బయోస్ కనబడి గ్రబ్ కనబడలేదంటే గ్రబ్ ఫైలు చూడాలి. గ్రబ్ కనబడి ఆపైన నల్లబడితే కెర్నెల్ లైను చూడాలి.

ఇప్పుడు సర్వర్ మామూలు ల్యాన్ కేబుల్ పీకండి. ఎస్ఎస్‌హెచ్ తెగిపోయినా కన్సోల్ నిలబడాలి. తరవాత ఆఫీసు మెయిన్ స్విచ్చు ఆపి యూపీఎస్ మీద చూడండి. ఆఖరున ఇంటర్నెట్ కేబుల్ పీకి, ఆఫీసులో ఉన్న మనిషి చేత ల్యాప్‌టాప్, కేబుల్‌తో లాగిన్ అయ్యేలా చూడండి. అమలాపురం పాఠం పరీక్షించేది ఇక్కడే.

నిజమైన పరీక్ష ఇంకొకటుంది. మన ఆఫీసుల్లో లైనక్స్ సర్వర్ లేవకపోవడానికి తరచూ కారణం బ్యాకప్ కోసం తగిలించిన యూఎస్‌బీ డిస్కు. ఏ డిస్కులు తగిలించాలో చెప్పే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో దాని పేరుండి, ఎవరో పీకి తీసుకెళితే, సిస్టమ్ నిమిషంన్నర దాకా ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. కావాలని ఆ డిస్కు పీకి రీస్టార్ట్ చేయండి. కన్సోల్ మీంచి లోపలికి వెళ్లి, ఆ లైనుకు ‘నోఫెయిల్’ తగిలించి, సర్వర్‌ను లేపగలిగితే పని పూర్తయినట్టు.

బయటికి వచ్చేటప్పుడు ఒక చిక్కు ఉంది. ఐపీఎంఐ సీరియల్ తెర నుంచి రావడానికి టిల్డే గుర్తు, చుక్క నొక్కాలి. ఎస్ఎస్‌హెచ్‌కు కూడా అదే గుర్తు. ఎస్ఎస్‌హెచ్ లోపలినుంచి కన్సోల్ తెరిచి ఉంటే టిల్డే రెండుసార్లు నొక్కి చుక్క పెట్టండి, లేకపోతే ఉన్న దారే తెగుతుంది.

తొమ్మిదో అడుగు: పాతదాన్ని ఏం చేయాలి

పరీక్షలన్నీ నెగ్గాక, ఒక నెల రోజుల మామూలు కరెంటు కోతలు కూడా చూశాక, పాత మానిటరును బల్లమీంచి తీయొచ్చు. తూకానికి వేయకండి, ప్లాస్టిక్ కవరు తొడిగి అదే గదిలో పెట్టండి. కేబుల్ దాని వెనకే చుట్టి ఉండాలి.

ఒక కాగితం మీద బీఎంసీ చిరునామా, సీరియల్ పోర్టు నంబరు, వేగం, ఏ కేబుల్ ఎక్కడుందో, ఎవరిని పిలవాలో తెలుగులో రాసి సర్వర్ పక్కన అతికించండి. పాస్‌వర్డు మాత్రం సీలు వేసిన కవరులో యజమాని బీరువాలో ఉండాలి. ఇంజనీరు ఒక్కడికే తెలిసిన పాస్‌వర్డు, వాడి ఫోను కలవని రోజున ఎవరికీ తెలియనట్టే లెక్క.

ఇదంతా చూసి “మన ఒక్క సర్వర్‌కు ఇంత హడావిడా” అనిపించొచ్చు. కొనాల్సినవి చూస్తే చాలా ఆఫీసుల్లో ఒకట్రెండు కేబుళ్లు, ఒక బ్యాటరీ బిళ్ల, ఒక ఆదివారం. మిగతావన్నీ సర్వర్‌తో పాటే కొని, వాడకుండా వదిలేసినవి. గోదావరికి వరద నీరొచ్చేది జులై, ఆగస్టుల్లో. కాబట్టి ప్రతి ఏడూ జూన్ మొదటి వారంలో ఎనిమిదో అడుగు పరీక్షలన్నీ మళ్లీ ఒకసారి చేయండి. పరీక్షించని కన్సోల్ ఉన్నా లేనట్టే.